పెద్దవాళ్ళకి కూడా ఒక మార్కుల షీటు ఇప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో కింద మూలకి డ్రెసాజ్ గురించి ఒక చిన్న ఐటమ్ వేశారు. ఫోటో బాగుంది కానీ హెడ్డింగ్‌లో గుర్రాల డాన్సు అని, లోపల కోటీశ్వరుల ఆట అని రాశారు. పొద్దున ఎనిమిది కాకముందే మా బ్రాంచ్‌లో ముగ్గురు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి నాకు పంపించి "మేడమ్, మీరు ఆదివారం పూట వెళ్ళేది దీనికేనా" అని అడిగారు. అవును, దీనికే. నాకు 43 ఏళ్ళు, బ్యాంకులో పని చేస్తాను, ఇద్దరు పిల్లలు, మా ఆయనది కూడా జీతం ఉద్యోగమే, సొంత గుర్రం లేదు, కొనే ఆలోచన కూడా లేదు. అయిదేళ్ళ నుంచి శని ఆదివారాలు తెల్లారుజామున లేచి హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ క్లబ్బుకి వెళ్ళి, క్లాసుకింత అని కట్టి, క్లబ్బు గుర్రం మీద డ్రెసాజ్ నేర్చుకుంటున్నాను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, వీలైతే మొత్తం వేయండి, వీలుకాకపోతే చివర్లో అడిగిందైనా వేయండి.

ముందు ఆ డాన్సు సంగతి చెప్పనివ్వండి. డ్రెసాజ్ అనేది ఫ్రెంచి మాట, తర్ఫీదు ఇవ్వడం అని అర్థం. 20 మీటర్ల వెడల్పు 40 మీటర్ల పొడవు ఉండే ఇసక గ్రౌండు, పెద్ద పోటీలకైతే పొడవు 60, చుట్టూ అక్షరాల బోర్డులు పెట్టి ఉంటాయి. ఎ దగ్గర లోపలికి వస్తాం, నట్టనడుమ ఎక్స్ దగ్గర ఆగి నమస్కారం పెడతాం, ఆ ఎక్స్‌కి బోర్డు ఉండదు, అది మనం మనసులో గీసుకోవాల్సిందే, ఎదురుగా సి దగ్గర జడ్జి కూర్చుంటారు. ఇక్కడ వాక్ (నడక), ఇక్కడ ట్రాట్ (చిన్న పరుగు), ఇక్కడ 20 మీటర్ల సర్కిల్, ఇక్కడ క్యాంటర్ (దౌడు) అని ముందే రాసిపెట్టిన వరస ఒకటి ఉంటుంది, దాన్ని టెస్ట్ అంటారు. ప్రతి కదలికకీ సున్నా నుంచి 10 దాకా మార్కు, పక్కన జడ్జి చెప్పిన ఒకట్రెండు ముక్కల కామెంటు. అన్నీ కలిపి పర్సంటేజీ. మీరు వేసిన ఫోటోలో గుర్రం ఉన్నచోటనే ఉండి ట్రాట్‌లాగా కాళ్ళు ఎత్తుతోంది చూశారా, దాన్ని పియాఫ్ అంటారు, అది ఈ చదువులో పీజీ లాంటిది, ఒలింపిక్స్‌లో చూపించేది. చూస్తే డాన్సులా అనిపించడం సహజమే. కానీ ప్రపంచంలో డ్రెసాజ్ చేసేవాళ్ళలో అక్కడిదాకా వెళ్ళేది కొద్దిమందే, మిగతా మేమంతా వాక్ ట్రాట్ క్యాంటర్ దగ్గర, సర్కిల్ గుండ్రంగా రావడం దగ్గర, ఆగమంటే నాలుగు కాళ్ళ మీదా సమంగా ఆగడం దగ్గర ఏళ్ళకేళ్ళు ఉంటాం. మా గురించి ఎవరూ రాయరు. నేను రాస్తోంది మా గురించే.

ఇది మనది కాని ఆట అని కూడా మీ ఐటమ్‌లో ఒక మాట ఉంది. మా తాతయ్య తెనాలిలో సంస్కృతం పంతులు, చిన్నప్పుడు మాతో అమరకోశం వల్లె వేయించేవారు, అందులో గుర్రం నడకలకే అయిదు పేర్లున్నాయి, ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. అప్పుడు అర్థం తెలీకుండానే బట్టీ పట్టాను. ఒక జంతువు నడిచే తీరుకి అయిదు పేర్లు పెట్టినవాళ్ళు ఆ నడకని ఎంతసేపు నిలబడి చూసి ఉంటారో ఇప్పుడు తెలుస్తోంది. పోటీ రూలు యూరప్‌ది కావచ్చు, ఆ చూపు మాత్రం మనకి కొత్తేం కాదు.

2023 సెప్టెంబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ టీమ్‌కి బంగారు పతకం వచ్చినప్పుడు మీరు ఫ్రంట్ పేజీలో వేశారు, ఆ పేపరు ఇప్పటికీ మా ఇంట్లో దాచి ఉంది. అనుష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా, నలుగురిలో ముగ్గురి మంచి స్కోర్లు కలిపి 209.205. 1982 ఢిల్లీ తర్వాత గుర్రపు స్వారీలో మనకి బంగారం రావడం అదే, 41 ఏళ్ళు పట్టింది. తర్వాత అనుష్‌కి విడిగా కాంస్యం కూడా వచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో మన దేశం తరఫున మొదటివాడు అతనే. ఆ పిల్లల్ని చూస్తే కడుపు నిండిపోతుంది. కానీ వాళ్ళు ఏళ్ళ తరబడి యూరప్‌లో ఉండి, అక్కడి గుర్రాల మీద, అక్కడి కోచ్‌ల దగ్గర నేర్చుకున్నారు, అనుష్ అయితే కోల్‌కతా నుంచి 17 ఏళ్ళకే జర్మనీ వెళ్ళిపోయాడు. ఆ దారి మాది కాదు, మేం వాళ్ళతో పోల్చుకోవడం లేదు. రోజూ ఉద్యోగం చేసుకుని, వారానికి రెండు గంటలు స్వారీ చేసే మామూలు మనిషికి ఈ విద్యలో ఎదుగుదల ఉంటుందా, ఉంటే ఎట్లా ఉంటుంది, అది చెప్పాలని ఉంది నాకు.

నేను నేర్చుకుంటున్న గుర్రం పేరు బాద్‌షా. ముదురు గోధుమ రంగు, నుదుటి మీద చిన్న తెల్ల చుక్క, ఇప్పుడు 14 ఏళ్ళు. రేసుల్లో పరిగెత్తి రిటైరైన గుర్రం, మన దగ్గర క్లబ్బుల్లో ఉండేవి చాలావరకు అట్లాంటివే. రేసుగుర్రం సంగతి ఏంటంటే, జాకీ పగ్గాలు గట్టిగా పట్టుకుంటే అది ఆ పట్టు మీద ఆనుకుని పరిగెత్తడం నేర్చుకుని ఉంటుంది, పట్టు బిగిసిందంటే దానికి అర్థం పద అని. నాకు అది తెలీదు. మొదటి ఏడాది ట్రాట్‌లో భయం వేసినప్పుడల్లా పగ్గాలు లాగేదాన్ని, లాగిన కొద్దీ అది ఇంకా వేగంగా వెళ్ళేది, వేగం పెరిగితే నేను ఇంకా లాగేదాన్ని. ఆర్నెల్లు ఇదే గొడవ. మాకు నేర్పే సార్ ఆర్మీలో రిసాల్దార్‌గా చేసి రిటైరయ్యారు, రాజస్థాన్ ఆయన, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడేది హిందీనే. గ్రౌండు మధ్యలో నిలబడి ఒకటే మాట అనేవారు, "ఛోడో మేడమ్, ఛోడో." వదలమంటారేంటి పడిపోతాను కదా అని లోపల కోపం కూడా వచ్చేది.

ఒక రోజు క్లాసు అయిపోయాక బాద్‌షాని చూసుకునే సైసు, నల్గొండ వైపు అబ్బాయి, గుర్రం నోరు తెరిచి నాకు చూపించాడు. ముందు పళ్ళు అయిపోయాక, వెనక దవడ పళ్ళు మొదలయ్యేలోపు ఒక ఖాళీ ఉంటుంది, అక్కడ ఒక్క పన్ను కూడా ఉండదు, ఉత్త చిగురే, లేత గులాబీ రంగులో తడిగా. కళ్ళెం ఇనుప కడ్డీ ఉండేది సరిగ్గా అక్కడ, నాలుక మీదా ఆ చిగురు మీదా. "అక్కా నువ్వు గుంజితే గీడ వడతది సూడు, గట్ల గుంజకు, ఇడిచిపెట్టు" అన్నాడు. నా చూపుడు వేలు ఆ చిగురు మీద పెట్టించాడు. వేడిగా, మెత్తగా, చంటిపిల్లల చిగురులా ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆ వేలు అట్లాగే గుర్తుంది నాకు. ఆర్నెల్లపాటు నేను లాగింది దేన్నో అప్పుడు తెలిసింది. సార్ అయిదారు వందల సార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క నిమిషంలో ఎక్కింది.

ఆ తర్వాత నేనే సార్‌ని అడిగి మళ్ళీ మొదటికొచ్చాను. లంజింగ్ అంటారు, సార్ చేతిలో పొడుగు తాడు ఉంటుంది, గుర్రం ఆయన చుట్టూ తిరుగుతుంది, పైన నాకు పగ్గాలు ఉండవు, కాళ్ళు పెట్టుకునే రికాబులు ఉండవు, చేతులు నడుం మీద పెట్టుకుని కూర్చోవడమే. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ అని శతాబ్దాల నాటి స్వారీ స్కూలు ఉంది, అక్కడ చేరిన కుర్రాళ్ళని నెలల తరబడి ఇట్లాగే తాడు మీద కూర్చోబెడతారు, చేతికి పగ్గం ఇచ్చేది ఆ తర్వాతే. మన దగ్గర పెద్దవాళ్ళు దీన్ని చిన్నతనంగా అనుకుంటారు, డబ్బు కట్టి గుండ్రంగా తిరగడమేంటి అని, నేను కూడా అట్లాగే అనుకున్నాను మొదట్లో. నాలుగు నెలలు వారంలో ఒక క్లాసు దీనికే ఇచ్చాను. మొదటి నెల తొడలు నొప్పి, నడుం నొప్పి, బ్రాంచ్‌లో కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. రెండో నెల చివర్లో ఎప్పుడో ఒక పొద్దున, ఊపిరి బిగబట్టడం మానేశానని నాకే తెలిసింది. మోకాళ్ళు జీనుని నొక్కడం మానేశాయి. అప్పటిదాకా నేను దాని మీద నిలబడటానికి ప్రయత్నిస్తున్నాను, అప్పటి నుంచి కూర్చోవడం మొదలైంది.

ఇంకోటి చెప్తాను, ఇది మన తెలుగువాళ్ళకి తొందరగా అందుతుందని నా నమ్మకం. డ్రెసాజ్ తర్ఫీదుకి జర్మన్ వాళ్ళు ఒక నిచ్చెన లాంటిది రాసిపెట్టుకున్నారు, మొదటి మెట్టు లయ, తర్వాత బిగుతు వదలడం, తర్వాత కళ్ళెంతో నమ్మకమైన సంబంధం, తర్వాత వెనక కాళ్ళ నుంచి వచ్చే ఊపు, తర్వాత తిన్నగా ఉండటం, ఆఖర్న బరువు వెనక్కి తెచ్చుకుని ఒదిగి నడవడం. అన్నిటికంటే ముందు లయ. వాక్‌లో నాలుగు దెబ్బలు, ట్రాట్‌లో రెండు, క్యాంటర్‌లో మూడు. నేను చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం క్లాసుకి వెళ్ళాను, గీతాల దగ్గరే ఆపేశాను కానీ తాళం చేతిలో ఉండిపోయింది. వాక్ తకధిమి. ట్రాట్ తక తక. క్యాంటర్ తకిట, ఆ తకిట తర్వాత ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయి, మళ్ళీ తకిట. సార్‌కి ఈ మాట చెప్తే ముందు అర్థం కాలేదు, చేత్తో తొడ మీద వేసి చూపించాను, నవ్వి అప్పటి నుంచి నాకు ఆయన కూడా తకిట అనే చెప్తున్నారు. బాద్‌షా మూల తిరిగేటప్పుడు దాని తకధిమి తొందరపడి తకధి దగ్గరే తెగిపోయేది, ఎక్కడ తెగుతోందో చెవికి తెలిశాక ఆ మూలకి రెండు అడుగుల ముందే నేను సర్దుకోవడం వచ్చింది. కంటితో చూసి దిద్దుకునేదాని కన్నా ఇది చాలా తేలిక.

ఇక సర్కిల్. చూసేవాళ్ళకి ఇదేం గొప్ప అనిపిస్తుంది, గుర్రాన్ని గుండ్రంగా తిప్పడమే కదా. ఎ దగ్గర 20 మీటర్ల సర్కిల్ అంటే ఎ దగ్గర ఒకసారి అంచుని తాకాలి, తర్వాత కె బోర్డు మూల నుంచి 6 మీటర్ల దగ్గర ఉంటుంది, దాన్ని దాటి ఇంకో 4 మీటర్లు వెళ్ళాక ఒకసారి తాకాలి, తర్వాత ఎక్స్ మీదుగా పోవాలి, తర్వాత అవతల వైపు మళ్ళీ ఎఫ్‌కి 4 మీటర్ల అవతల. నాలుగే నాలుగు చోట్లు, ఒక్కో చోట ఒక్క అడుగు, అంతకంటే ఎక్కువసేపు అంచున నడిస్తే అది సర్కిల్ అవ్వదు. గుర్రానికి గోడ అంటే ఇష్టం, గోడ వెంట పోతుంటే దానికి ధైర్యం, గోడని వదిలి ఖాళీలోకి రావాలంటే పైన కూర్చున్న మనిషి లోపలి కాలు, బయటి పగ్గం దానికి గోడ అవ్వాలి. ఈ ఒక్క వాక్యం నాకు ఒంట్లోకి దిగడానికి రెండేళ్ళు పట్టింది.

మార్కుల సంగతికి వస్తాను, అసలు నేను అడగాలనుకున్నది అక్కడే ఉంది. మూడో ఏడాదిలో నాకు అనిపించింది, నేను నిజంగా ముందుకి వెళ్తున్నానా, లేక ఉన్నచోటే ఉన్నానా, ఎవరు చెప్పాలి అని. సార్ మంచివారే కానీ ఆయనకి నేను అలవాటైపోయాను. మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది, తన ఆఫీసులో ఒకామె డ్రెసాజ్ చేస్తుందట, అక్కడ పెద్దవాళ్ళలో స్వారీని వృత్తిగా చేసుకోనివాళ్ళకి అడల్ట్ అమెచ్యూర్ అని విడిగా ఒక వర్గమే ఉందని చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది, అక్కడ రైడర్ వయసు, గుర్రం వయసు కలిపి 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే సెంచురీ క్లబ్ అని ఒక గౌరవం ఇస్తారట. డెబ్భై అయిదేళ్ళ ఆవిడ పాతికేళ్ళ గుర్రం మీద టెస్ట్ చేసి వస్తే చప్పట్లు కొట్టి రిబ్బన్ కడతారన్నమాట. అది విన్నాక ఆ రోజంతా నాకు వేరే పని మీద ధ్యాస నిలవలేదు.

మన దగ్గర పోటీల్లో వయసుల వర్గాలు పిల్లలకీ జూనియర్లకీ బాగానే ఉన్నాయి, 21 దాకా ఏదో ఒక వర్గం దొరుకుతుంది. అది దాటితే ఓపెన్. ఓపెన్ అంటే రోజూ నాలుగు గంటలు గుర్రం మీదే ఉండే ఆర్మీ వాళ్ళు, పోలీసు వాళ్ళు, ప్రొఫెషనల్ కోచ్‌లు, వాళ్ళ మధ్యన వారానికి రెండు గంటల బ్యాంకు ఉద్యోగిని. వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, వాళ్ళని చూసి నేర్చుకునేది చాలా ఉంది. కానీ ఒక క్లబ్బులో, పేరు వద్దులెండి, నేను ముందు చేరదామని వెళ్ళినప్పుడు ఆఫీసులో కూర్చున్నాయన నన్ను ఎగాదిగా చూసి "పెద్దవాళ్ళకి జాయ్ రైడ్ ఉందండి, అరగంట, ఫోటోలు కూడా తీసిస్తాం, కోచింగ్ పిల్లలకే" అన్నాడు. ఇంకోచోట పోటీ ఫారం అడిగితే "మీరు దేనికి మేడమ్" అన్నారు. మా బంధువుల్లో అయితే ఈ వయసులో ఇదేంటి, గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడమా అన్నవాళ్ళూ ఉన్నారు. ఈ వయసు అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అందుకే వయసు గురించి రెండు ముక్కలు రాస్తాను, మీ పాఠకులకి తెలియాలి. 1948 దాకా ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో మిలటరీ వాళ్ళయితే ఆఫీసర్లకి మాత్రమే ప్రవేశం. ఆ ఏడాది లండన్‌లో స్వీడన్ టీమ్ బంగారం గెలిస్తే, వాళ్ళలో ఒకాయన నిజానికి సార్జెంటు, పోటీ కోసమని తాత్కాలికంగా ఆఫీసరు హోదా ఇచ్చారు అని తేలి మెడల్ వెనక్కి తీసేసుకున్నారు. స్వారీ బాగాలేక కాదు, భుజం మీద గుర్తు సరిపోలేదని. 1952లో హెల్సింకిలో రూలు మార్చి ఆఫీసర్లు కాని సైనికులకీ ఆడవాళ్ళకీ తలుపు తెరిచారు, అదే స్వీడన్, అదే సార్జెంటుతో మళ్ళీ బంగారం గెలిచింది. ఆ తలుపు తెరిచిన మొదటిసారే డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ అనే ఆవిడ వెండి పతకం తీసుకుంది. ఆవిడకి 1944లో, కడుపుతో ఉన్నప్పుడు పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు పని చేయడం మానేశాయి, గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరు సాయం పట్టాలి. ఆవిడ గుర్రం పేరు జూబిలీ. కాళ్ళతో చెప్పలేనిది నడుంతో, బరువుతో చెప్పడం ఆ గుర్రానికి నేర్పుకుంది. 1956లో మళ్ళీ వెండి. ఇంకొకాయన జపాన్‌లో హిరోషి హోకెత్సు, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జంపింగ్ చేసి, తర్వాత ఏళ్ళ తరబడి మందుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే స్వారీ సాగించి, రిటైరయ్యాక 2008లో బీజింగ్‌కి, 2012లో 71 ఏళ్ళ వయసులో లండన్‌కి డ్రెసాజ్ రైడర్‌గా వెళ్ళాడు. నాకు ఒలింపిక్స్ మీద ఆశ లేదు. పొద్దున స్వారీ చేసి స్నానం చేసి ఆఫీసుకి పోయిన మనిషి ఒకాయన ఉన్నాడని తెలిస్తే సోమవారం పొద్దున నాకు బలం వస్తుంది, అంతే.

సరే, మార్కుల షీటు. బయటి దేశాల్లో ఇప్పుడు టెస్ట్ వీడియో తీసి పంపితే జడ్జి చూసి మార్కులు వేసి, కామెంట్లు రాసి పంపించే పోటీలు ఉన్నాయి. నేను అట్లాంటిదానికి పంపాను. సి దగ్గర ఒక స్టూలు వేసి, సైసు తమ్ముడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, ఆపకుండా ఒకే షాట్‌లో తీయాలి. వాక్ ట్రాట్ మాత్రమే ఉన్న అన్నిటికంటే చిన్న టెస్ట్. 56 శాతం వచ్చింది. షీటు ప్రింట్ తీసి ఇంట్లో దేవుడి గది పక్కన అతికించాను. సర్కిల్‌కి 5, పక్కన "కోడిగుడ్డు ఆకారం, ఎక్స్ దగ్గర లోపలికి పడిపోతోంది". ఆగడానికి 5, "వెనక ఎడమ కాలు వెనకే ఉండిపోయింది". ఫ్రీ వాక్ అని ఒకటి ఉంటుంది, పగ్గాలు పొడుగ్గా వదిలి గుర్రం మెడ కిందికి సాచనివ్వాలి, దానికి 4, "గుర్రం నమ్మి మెడ చాపడం లేదు". ఆ నమ్మి అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎప్పుడో మొదటి ఏడాది లాగిన లాగుడు అది ఇంకా మర్చిపోలేదు.

తర్వాత ఏడాది పాటు నేను పెద్దగా కొత్తవేం నేర్చుకోలేదండి. క్లాసు మొదట పది నిమిషాలు, ఆఖర్న పది నిమిషాలు పగ్గాలు వదిలేసి వాక్ చేయడమే. మొదట్లో అది తల పైకెత్తి అటూ ఇటూ చూసేది, ఎప్పుడు లాగుతుందా అని. మూడో నెలో నాలుగో నెలో, వర్షం పడి వెలిసిన పొద్దున, ఇసక ఇంకా తడిగా ఉంది, బాద్‌షా మెడ మెల్లగా ముందుకి, కిందికి, ఇంకా కిందికి చాపింది, ముక్కు దాదాపు మోకాళ్ళ దాకా వచ్చింది, వీపు నా కింద పైకి లేచినట్టయింది, ముక్కుపుటాల్లోంచి పుర్రుమని ఒక పొడుగు ఊపిరి వదిలింది. కంచె దగ్గర ఉలవల బక్కెట్ పట్టుకుని నిలబడ్డ సైసు "ఆ, గదీ" అన్నాడు. సార్ ఏమీ అనలేదు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. రెండోసారి పంపిన వీడియోకి 61 దాటింది, ఫ్రీ వాక్‌కి 7. సర్కిల్‌కి ఇంకా ఆరే. 

5 శాతం పెరగడానికి ఏడాది పైన పట్టింది, చాలామందికి ఇది ఎదుగుదలలా కనపడదు. నాకు కనపడుతుంది, ఎందుకంటే షీటు ఉంది, ఎక్కడ 4 ఉందో ఎక్కడ 7 అయిందో చూపిస్తుంది. షీటు లేకపోతే మా లాంటివాళ్ళం రెండు దారుల్లో ఒకటి పడతాం. ఒకటి విసుగొచ్చి మానేయడం. రెండోది ఇంకా ఘోరం, తొందరపడి స్పర్లు (గుర్రాన్ని పొడవడానికి బూటు మడమకి కట్టుకునేవి) కొనుక్కోవడం, తల కిందికి కట్టే తాళ్ళు బిగించడం, పక్కకి నడిపించడాలు రెండో ఏడాదే మొదలుపెట్టడం, గుర్రం మెడ వంచితే డ్రెసాజ్ వచ్చేసిందనుకోవడం. బలవంతంగా మెడ మడిచి ఛాతీకి ఆనించడాన్ని అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య 2010లోనే తప్పు అని తేల్చింది, అయినా ఫోటోకి బాగుంటుందని చేసేవాళ్ళున్నారు. కొందరైతే ఈ దేశీ రేసు గుర్రాలతో అవదు, లక్షలు పెట్టి బయటి నుంచి వామ్‌బ్లడ్ జాతి గుర్రాన్ని తెప్పించుకోవాలి అంటారు. పైమెట్లకి వెళ్ళేవాళ్ళకి అది నిజం కావచ్చు. మేం ఉన్న మెట్టు దగ్గర గుర్రంలో లోపం లేదు, బాద్‌షాకి వచ్చిన ప్రతి 4 నాదే.

ఖర్చు గురించి కూడా దాపరికం లేకుండా రాస్తాను, ఎందుకంటే కోటీశ్వరుల ఆట అన్నారు కాబట్టి. ఇది చవక కాదు. మా నెల ఖర్చులో ఇది కనిపిస్తుంది, నేను నగలు కొనడం ఎప్పుడో మానేశాను, సెలవుల్లో ఊళ్ళు తిరగడం తగ్గించాం. రోజు కూలీ చేసుకునేవాళ్ళకి ఇది అందదు, ఆ మాట వాస్తవం, అది నాకు బాధగానే ఉంటుంది, సైసుల పిల్లలు మాకంటే బాగా స్వారీ చేస్తారు, వాళ్ళ పేరు మీద ఒక్క ఎంట్రీ ఫారం ఉండదు. మీరు కోటీశ్వరుల ఆట అని రాస్తే ఆ పిల్లాడు ఇది నాది కాదు అనుకుంటాడు, నాలాంటి నలభై ఏళ్ళావిడ కూడా ఇది నాది కాదు అనుకుంటుంది, అప్పుడు నిజంగానే కోటీశ్వరులకే మిగులుతుంది.

ఇప్పుడు నేను అడిగేది. రెండు రాష్ట్రాల్లో స్వారీ నేర్పే క్లబ్బుల వాళ్ళు మీ పేపరు చదువుతారు, వాళ్ళకి చెప్పండి, ఏడాదికి రెండుసార్లయినా లోకల్‌గా ఒక చిన్న టెస్ట్ పెట్టమని, వాక్ ట్రాట్ చాలు, క్లబ్బు గుర్రాలే చాలు, ట్రోఫీలు వద్దు, ఫ్లెక్సీలు వద్దు, ముఖ్య అతిథి కూడా వద్దు. ఒక క్వాలిఫైడ్ జడ్జి, పక్కన చెప్పింది రాసే మనిషి, ప్రతి రైడర్ చేతికీ ఒక షీటు. వయసు గడి దగ్గర 21 పైన అని ఒక గీత, స్వారీ మీద సంపాదన లేనివాళ్ళు అని ఇంకో గీత. సైసులకీ వాళ్ళ పిల్లలకీ ఫీజు లేకుండా. అలాగే ఒక గుర్రం మీద ఆ రోజు రెండు టెస్టులకి మించి చేయించకుండా, వీపు దానిది కాబట్టి. ఎండల్లో అసలు పెట్టకుండా. పెద్దవాళ్ళు చేరడానికి వస్తే జాయ్ రైడ్ అనకుండా తాడు మీద కూర్చోబెట్టి నేర్పమని కూడా చెప్పండి, ముందు నెల తిట్టుకుంటారు, తర్వాత వాళ్ళే అడుగుతారు. ఇక మీ స్పోర్ట్స్ డెస్కు వాళ్ళకి ఒక మనవి, ఈసారి డ్రెసాజ్ ఫోటో వేసినప్పుడు కింద ఆ కదలిక పేరు, దానికి వచ్చిన మార్కు రాయండి. చదివేవాళ్ళకి పదిలో ఎంత అనేది వెంటనే అర్థమవుతుంది, అందరం పరీక్షలు రాసినవాళ్ళమే.

మా దగ్గర మేం ఏడుగురం పెద్దవాళ్ళం ఉన్నాం, ఒక డెంటిస్టు, ఇద్దరు సాఫ్ట్‌వేర్, ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారు, ఆయనకి 64, ఇంకో ఇద్దరు గృహిణులు, నేను. వచ్చే నెల రెండో ఆదివారం మా అంతట మేమే ఒక టెస్ట్ పెట్టుకుంటున్నాం, సార్‌కి తెలిసిన ఒక రిటైర్డ్ జడ్జి గారు వస్తానన్నారు, సైసు తమ్ముడు కూడా బాద్‌షా మీద చేస్తున్నాడు, నాకంటే ముందు అతనిదే నంబరు. మీ విలేకరిని పంపండి. పొద్దున ఆరుకల్లా రమ్మనండి, ఎనిమిదింటికి ఎండ ఎక్కేసరికి గుర్రాలకి నీళ్ళు పోసి లోపల కట్టేస్తాం.

ఇట్లు
ఒక బ్యాంకు ఉద్యోగిని,
హైదరాబాద్